పేటికలో ఒక జత

న్యూబరీపోర్ట్,
1794 అక్టోబరు 14, మంగళవారం.

గౌరవనీయులైన డార్కస్ అక్కకు,

పేషెన్స్ వినయంగా, ప్రేమగా రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. పోర్ట్‌లాండ్‌లో మీరూ, మీవారూ, చంటిదీ కులాసా అనుకుంటాను.

మీ అమ్మగారిని చూడడానికి రావచ్చా అని మీరు రాసిన ఉత్తరం అందింది. అమ్మగారికి నెమ్మదించింది. నిన్న కాస్త చేపల పులుసు తాగి, ఉప్పు తక్కువైందని వంటావిణ్ణి కోప్పడ్డారు కూడా. అందుకని కంగారుపడి ప్రయాణం పెట్టుకోవద్దని మీ నాన్నగారు రాయమన్నారు.

ఆయన మాట ఆయన అన్నట్టే రాయాలట. తెరచాపలు కుట్టేవాణ్ణి కట్టుకుంది కదా, గాలి ఎటు వీస్తోందో దానికి నేను చెప్పాలా, ఇటు మాత్రం వీచడం లేదని రాయి, అన్నారు.

మీ పేరు పెట్టిన ఓడకి మొన్న కొత్త రంగు వేయించారు. ఇప్పుడు దాని పేరు 'విధేయత'. కూతురు వినకపోయినా ఓడైనా చెప్పిన మాట వింటుందిలే అని బ్యాంకు పెద్దల ముందు నవ్వారు. వాళ్ళూ నవ్వారు.

మా నాన్న తాళ్ళు పేనుతూనే ఉన్నాడు. ఆ తాడంతా అయ్యగారే కొంటున్నారు. మా ఇంట్లో మొదటిసారి అక్షరాలు వచ్చింది నాకే, అదీ అమ్మగారి దయవల్ల. ఇప్పుడు ఈ ఇంటి ఉత్తరాలు రాసే పని నాది.

ఇట్లు,
పేషెన్స్ కాబ్

తా.క. పై ఉత్తరం అయ్యగారు చదివి, సరే, అతికించు అని వెళ్ళారు. అక్కా, అదంతా అబద్ధం. ఈ తెల్లవారుజామున అమ్మగారు పోయారు. శనివారం ఖననం. బ్యాంకు పెద్దల మధ్య తెరచాపలవాడి పెళ్ళాం నిలబడకూడదట.

చావు పిలుపుతో పంపే తెల్లతోలు చేతి తొడుగుల పేటిక పోయిన వారమే లండన్ నుంచి దిగింది. అయ్యగారు దాన్ని అమ్మగారి మంచం పక్కనే విప్పించారు, సరుకు చూసుకోవాలని. ఆవిడ చెయ్యి చాపి ఒక జత తీసుకున్నారు. ఇది డార్కస్‌కి, దానికి నా చెయ్యే వచ్చింది, వేళ్ళు పొట్టి, అన్నారు. తారు అంటిన చేతులకి తెల్లతోలు ఎందుకే అని ఆయన లాక్కుని పేటికలో పడేశారు. ఆవిడ ఆఖరి మాట మీ గురించే.

ఆ జతే ఈ పొట్లంలో పెడుతున్నాను. ఇది తెచ్చిన పడవ శుక్రవారం తిరిగి వస్తుంది, ఎక్కండి. ఇవి పంపింది నేనని తెలిశాక అయ్యగారు మా తాడు కొనరు, ఆయనకి జడిసి ఇంకెవరూ కొనరు. నాన్నకి చెప్పాను. పంపు, అన్నాడు.

శనివారం ఇవి తొడుక్కుని రండి. ఇవి తొడుక్కున్న మనిషిని గుమ్మంలో ఆపడం మన ఊళ్ళో లేదు. ఆపదలుచుకుంటే అయ్యగారు ఊరంతా చూస్తుండగా ఆపాలి.