హెల్మెట్ బెల్టు ఎవరు బిగించాలి

శీనూ,

బండి ముందు చక్రం గాల్లోకి లేచినప్పుడు నీకు భయమేసేదా? సాగర్ రోడ్డు మీద నువ్వు చనిపోయినప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. పడిపోయే ముందు కూడా నువ్వు నవ్వుతూనే ఉన్నావని చూసినవాళ్లు నాతో చెప్పారు.

ఇప్పుడు నా కూతురు స్ఫూర్తి సైకిల్ మీద ఎగురుతోంది. బొంగులూరు దగ్గర ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల వెంచర్లో మట్టి దిబ్బలు పోసి స్టంట్ సైకిళ్ల పోటీ పెట్టారు. ఇబ్రహీంపట్నం కాలేజీల పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఈరోజు ప్రాక్టీసు చూడటానికి వెళ్లాను. స్ఫూర్తి దిబ్బ మీంచి లేవగానే కళ్లు మూసుకున్నాను.

"మస్తు ఎగిరింది! ఎవరి పిల్ల గిది?" అని అరిచింది పక్కనున్న కాలేజీ అమ్మాయి.

"నా బిడ్డే."

"మరి కండ్లెందుకు మూసుకున్నవక్కా? అసలు మజా మిస్సయినవ్!"

నవ్వేశాను.

ఈ పోటీలో ఒక పద్ధతుంది. ఇంటివాళ్లే వచ్చి హెల్మెట్ బెల్టు బిగించాలి. లేకపోతే దిగనివ్వరు. పోటీ రేపు పొద్దున.

"నువ్వు రాకుంటే నన్ను ఆపేస్తరమ్మా. శీను మామ ఉంటే ఉరికొచ్చేటోడు," అంది స్ఫూర్తి.

నిజమే, వచ్చేవాడివే. నీకు మాత్రం హెల్మెటే లేదు.

నేను వెళ్లకపోతే, నీలాగే ఏ రోడ్డు మీదో ఎగురుతుందని భయం. వెళ్తే, నా చేతులతో నేనే పంపినట్లవుతుంది. వెళ్లాలో వద్దో నాకింకా తేలడం లేదు.

అక్క