మందు తాగిండు

సూర్యాపేట

కృపాకర్ అన్నకు,

వాక్య నియమాలు ఇస్తే వాటి ప్రకారం వాక్యాలను చదివే ప్రోగ్రాం తయారుచేసే నీ పాత పార్సర్ జనరేటర్‌ను, నువ్వు మిర్యాలగూడ వెళ్ళాక నేనే చూసుకుంటున్నాను కదా. మన అంబులెన్స్ నంబరుకు వచ్చే మెసేజ్‌లను చదివేది దాంతో చేసిన ప్రోగ్రామే.

మొన్న తిరుమలగిరి నుంచి ఒకమ్మాయి రాసింది: "మా నాయిన మందు తాగిండు. జర జల్ది రాండ్రి."

ప్రోగ్రాం దాన్ని తాగుబోతు గొడవల్లో పడేసింది. ఆయన తాగింది పురుగుమందు. దానికీ నియమం ఉంది. కానీ రెండు నియమాలు సరిపోతే, ఎవరికీ చెప్పకుండా జాబితాలో పైదాన్నే పట్టుకోమని నువ్వు రాశావు. పక్కింటాయన బండి మీద దవాఖానకు తెచ్చాడు కాబట్టి ఆయన బతికాడు.

ఇప్పుడు రెండర్థాలొస్తే మనిషిని పిలిచేటట్టు దిద్దాను. నువ్వొకసారి వచ్చి చూడు. టెస్టులన్నీ పాసయ్యాయి.

అన్నా, మొన్న కూడా పాసయ్యాయి.

నీ తమ్ముడు