సబ్బులు పంచితే తగ్గిన జబ్బు

అక్టోబరు 3
చిరంజీవి మినోరికి తాతయ్య దీవెనలు.
ఈ రోజు మొదటి ఆశ్చర్యం: నాకు జబ్బు పూర్తిగా నయమైపోయిందట! పొద్దున్నే వీధి సంఘం పెద్ద హిరాయమ వచ్చి, నడుం వంచి మరీ చెప్పాడు. "మీ మనవరాలు పంపిన సబ్బులు అందాయి తోకుజో గారూ! ఇక మీకేం దిగులు?"
నెల్లాళ్లు ఐసీయూలో గొంతులో గొట్టంతో పడున్నవాణ్ణి. ఇప్పటికీ చొక్కా తొడిగాక, గుండీలు పెట్టుకునేముందు కాసేపు కూర్చోవాలి. పరామర్శకు వచ్చినవాళ్లకి తిరుగు కానుక పంపడమంటే "నేను లేచాను, పనులు చెప్పండి" అని దండోరా వేయడమే. నీకెవరూ చెప్పలేదా?
తోకుజో తాత
తా.క.: పండక్కి శంఖం నేనే ఊదాలట. నిన్న పులుసు మీది ఆవిరినే ఊదలేకపోయాను.

అక్టోబరు 6
తాతయ్యకు నమస్కారాలు.
వాడుతుంటే అరిగిపోయేవి ఇస్తే జబ్బూ అలాగే అరిగిపోతుందని కొట్టాయన అన్నాడు. ఆ మాట ఎంత ముద్దొచ్చిందో! అందుకే పెద్ద పెట్టెలు కొన్నాను. కంగారు పడకండి. "తాతయ్యకి ఇంకా నయం కాలేదు, దయచేసి సబ్బులు వాడకండి" అని హిరాయమ గారికి రాసేశాను.
మీ మినోరి
తా.క.: ఉత్తరం ఉత్తచేతులతో వెళ్తే బాగుండదని ద్రాక్షపళ్ల బుట్ట కూడా పంపాను.

అక్టోబరు 10
ఓసి నా తల్లీ!
చెప్పిన శుభవార్తను వెనక్కి తీసుకోవడం మన వీధి ఎరగదు. జబ్బు తిరగబెట్టిందనుకుని అందరూ మళ్లీ పరామర్శకు వచ్చారు, తలో ఖర్బూజా పట్టుకుని. సబ్బులు తుడిచి, ఆరబెట్టి వెనక్కిచ్చారు. "మాది సగం అరిగిపోయింది, ఏమీ అనుకోకండి. మీకు సగమైనా తగ్గే ఉంటుంది," అంది మురాకి గారి భార్య.
ఊపిరి కసరత్తు చేయించే అమ్మాయి వచ్చి ఖర్బూజాల మధ్య నన్ను వెతుక్కుంది.
అసలు సంగతి విను. శంఖం నా ఈడువాడు ఆ ఇసాకుకి ఇస్తారట! ఇన్నేళ్లూ నేను ఊదితేనే దేవుడి పల్లకి లేచేది. వాడు ఊదితే దున్నపోతు దగ్గినట్టుంటుంది. "నాకు నయమైంది!" అని అరిచాను. అరిచాక గోడ పట్టుకున్నాను.
తోకుజో తాత
తా.క.: వెంటనే ఇంకో విడత సబ్బులు పంపు.

అక్టోబరు 13
తాతయ్యకు,
పంపను. మీరు ఆ యంత్రంతో ఊపిరి తీసుకుంటున్నప్పుడు అద్దం ఇవతల నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మళ్లీ నిలబడలేను. మీరు శంఖం ముట్టుకోకుండా చూడమని ఇసాకు తాతకి రాశాను.
కోపంగా, మినోరి
తా.క.: ఈసారి ఏ బుట్టా పంపలేదు.

అక్టోబరు 16
మినోరీ,
ఇసాకు వచ్చాడు. గుమ్మంలోనే కూలబడి, "ఒరేయ్ తోకుజో, నీళ్లివ్వరా," అన్నాడు. పోయిన చలికాలం వేడినీటి ఊటలకి వెళ్లానన్నాడే, వెళ్లింది ఐసీయూకట! "చెబితే ముసలాడినైపోయానంటారని దాచాన్రా. ఇప్పుడు శంఖం నా నెత్తిన పెట్టారు. నువ్వే ఊది నన్ను కాపాడు," అన్నాడు.
"నేనా? పైకి అరిచానే గానీ, నువ్వు ఊదితే నేను బతికిపోతాననుకున్నాను కదరా," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకి పట్టిన ఆయాసం తీరేసరికి పొయ్యి మీద టీ మరిగి మరిగి ఇగిరిపోయింది.
రేపు పొద్దున హిరాయమ ఇంటికి వెళ్లి, మా ఇద్దరికీ నయం కాలేదని, శంఖం ఆయననే ఊదమని చెప్పేస్తాం. ఎలా ఊదాలో పక్కన కూర్చుని తిట్టి మరీ నేర్పుతాం. తిట్టడానికి ఊపిరి సరిపోతుంది.
తోకుజో తాత
తా.క.: ఆయన ఇల్లు నాలుగో గుమ్మమే. దారిలో రెండుచోట్ల కూర్చోవాలి కాబట్టి, కోడి కూయకముందే బయల్దేరతాం.