ఊడిన పన్నుకు చప్పట్లు

లూవీనియా అక్కకు,

శనివారం కచేరీ మధ్యలో నా ముందు పన్ను ఊడింది. శాక్సఫోన్‌లోంచి ఉత్త గాలే వచ్చింది. దొరికిపోకూడదని పూనకం వచ్చినవాడిలా ఊగుతూ పావుగంట ఊదాను. న్యూయార్క్ జనం లేచి చప్పట్లు కొట్టారు. పత్రికవాడు అదేదో కొత్త సంగీతమని రాశాడు. ముప్పయ్యేళ్ళు వింత స్వరాలు కట్టినందుకు తగిన శాస్తే.

"వచ్చే నెల పారిస్ కచేరీలోనూ ఇదే ఊదరా ముసలోడా, ఎవడికి తెలుస్తుంది!" అని మా డ్రమ్ములవాడు ఎర్స్కిన్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, అలసిపోయానక్కా.

పన్ను కట్టించుకున్నాను. స్వరం మునుపటిలా పలుకుతోందో లేదో నాకే తెలియడం లేదు. ఇక్కడ ఎవరినడిగినా అద్భుతమంటారు. ఆదివారం సెయింట్ లూయిస్ వచ్చి, మీ చర్చిలో అమ్మకిష్టమైన కీర్తన వాయిస్తాను. నాకు ఎన్నడూ చప్పట్లు కొట్టనిది నువ్వొక్కదానివే. "పిల్లి తోక తొక్కావేంట్రా?" అని నా మొదటి కచేరీ అయ్యాక మొహం మీదే అడిగావు. ఈసారీ అలాగే చెప్పు. బాగాలేదంటే అక్కడే శాక్సఫోన్ పెట్టె మూసేస్తాను, ఇక తెరవను.

నీ తమ్ముడు