ఆదివారం పెళ్లి

టెక్కలి,
12-4-1968.

చిరంజీవి లలితకు,

నాన్న ప్రేమతో వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ, ఎవరి దయా అక్కర్లేకుండానే, క్షేమం. భీమిలిలో ట్రైనింగు పరీక్షలు బాగా రాస్తున్నావని తలుస్తాను.

ముందు అసలు సంగతి. నీ పెళ్లి ఇరవయ్యేడున, అమావాస్యనాడు, జరగటం లేదు. మే అయిదు, ఆదివారానికి మార్చాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మన నాస్తిక సంఘం ఆనవాయితీ నీకు తెలిసిందే. మంత్రాలుండవు, దండలు మార్చుకోవటమే. అదీ ఏరి కోరి చెడ్డరోజున. అందుకని ఏటా సంఘం సొమ్ముతో పంచాంగం కొంటాం. కార్యదర్శిని గనక దుర్ముహూర్తం చూసే పని నాది. ఈ చుట్టుపక్కల ఏ పురోహితుడూ దాన్ని నా అంత శ్రద్ధగా తిరగేసి ఉండడు. అమావాస్యా రాహుకాలమూ కలిసొచ్చాయని నువ్వెంత మురిసిపోయావో!

నీక్కాబోయే అత్తగారు, ఢిల్లీరావు తల్లి మంగమ్మగారు వాళ్ల ఊళ్లో కొత్తగా వెలిసిన కిరస్తానీ ప్రార్థన సమాజంలో చేరారు కదా. ఆదివారమైతే ప్రార్థన కాగానే వాళ్లవాళ్లంతా వస్తారని ఆమె అడిగారు. సంఘం మీటింగులో ఆ మాటే చెప్పాను.

పెద్ద రభస అయింది. అధ్యక్షుడు పట్టాభిరామయ్య బల్ల గుద్ది, “పురోహితుణ్ణి వొద్దని, పాస్టరుకి పీటేత్తావేటయ్యా!” అని అరిచాడు. సంతబొమ్మాళి కూర్మారావు ఒక్కడే నా పక్షాన లేచాడు. గుమ్మానికి పసుపు రాయరని మొన్ననే ఇంటిగలవాళ్లు అతని చేత అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. “మా ఇంటిది మంచాన పడితే మన సంగం సానుభూతి తీర్మానం సేసింది. ఆ పార్థనోళ్లు గంజి ఒట్టుకొచ్చారు. మన పెళ్లిళ్లకి మన సుట్టాలే రారు. వొచ్చీవోళ్లని వొద్దంటామేటి?” అన్నాడు. చివరికి తేదీకి ఒప్పుకున్నారు. పందిట్లో ప్రార్థన ఉండకూడదన్నారు, పెళ్లి కాగానే నన్ను కార్యదర్శి పని వదులుకోమన్నారు. సరేనన్నాను. పద్నాలుగేళ్ల పని, మనసు కలుక్కుమంది.

పరీక్షలు కాగానే బయలుదేరు. ఏ బండికి వస్తున్నావో రాస్తే స్టేషనుకు వస్తాను.

ఇట్లు,
మీ నాన్న
జగన్మోహనరావు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. అత్తగారి మీద లేనిపోని కోపంతో నువ్వా ఇంట్లో అడుగుపెట్టకూడదు. మంగమ్మగారు ఆదివారం అడగలేదు. రోజు మారుద్దామని నేనే వాళ్ల ఊరు వెళ్లి అడిగితే, “మాకే రోజయితేటి బాబూ? అన్నీ పెబువు రోజులే. అమాసయితే అమాసే” అన్నారు. ఆమె పేరు నేను వాడుకున్నాను. మతానికి లొంగిపోయాడని సంఘం అంటే పడతాను గానీ, నాకు భయం వేసిందని ఆ పదిమందిలో చెప్పలేకపోయాను. మీ అక్క నీలవేణి పెళ్లి అమావాస్యనాడు చేసిందీ నేనే. ఏడాది తిరక్కుండా పురిట్లో పోయింది. దానికీ అమావాస్యకీ ఏ సంబంధమూ లేదు, నాకు తెలుసు. ఎంత సభలోనైనా నిలబడి చెప్పగలను. నీ శుభలేఖ మీద ఆ తేదీ రాయటానికి మాత్రం చెయ్యి రాలేదమ్మా. నీకు అమావాస్యే కావాలంటే ఒక కార్డు ముక్క రాయి, మారుస్తాను. రాయకుండా ఉంటే బాగుండునని ఉంది.