అమ్మ మిషనుకీ ఇస్త్రీపెట్టెకీ ఒకటే ఫ్యూజు

తమ్ముడూ, డ్యూటీకి వెళ్తున్నా. ఇస్త్రీపెట్టె జోలికి వెళ్లకు. అది ఐదు ఆంపియర్లు లాగుతుంది, అమ్మ ఆక్సిజన్ మిషను రెండు. మన ఫ్యూజు మోసేది ఆరే. 230 వోల్టుల్ని ఐదుతో గుణిస్తే 1150 వాట్లు, భాగిస్తే 46 ఓమ్‌లు. తలకిందులుగా తపస్సు చేసినా ఈ లెక్క మారడం లేదురా. ఫ్యూజులో లావు తీగ వేద్దామంటే గోడలో వైర్లు పాతవి, అంటుకుంటాయి. ఇంటాయనకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇంటర్వ్యూకి నలిగిన చొక్కాతోనే వెళ్లు. ఏం చేస్తాం.

అన్నట్టు, పోయినవారం ఇస్త్రీ చేసుకున్నా ఫ్యూజు పోలేదుగా అంటావేమో. నీ చొక్కా అయ్యేదాకా అమ్మ తన మిషను ఆపేసుకుని కూర్చుంది. నీకు చెప్పొద్దంది.