కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి

హార్లో కౌంటీ, పెన్సిల్వేనియా
సెప్టెంబర్ 8, సోమవారం

ప్రియమైన ఆర్లీన్‌కి,

నువ్వు ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళిన జాబితా ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. జోసీ బర్త్ సర్టిఫికెట్ నకలు, సోషల్ సెక్యూరిటీ కార్డు, బడి కాగితం, కోర్టులో దరఖాస్తు, నా వేలిముద్రలు. ఇవన్నీ అక్టోబర్ మూడో తేదీకల్లా జడ్జి ముందుంటే మనవరాలు మనింట్లో ఉంటుంది. లేకపోతే కౌంటీ వాళ్ళు ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో పెడతారు. అంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కానిదల్లా నా నడుము సంగతి.

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆఫీసుల పనులన్నీ నువ్వే చూశావు. నేను పాలట్రక్కు నడిపాను, లైసెన్సు పిస్తోలు నడుముకు పెట్టుకుని ఊరంతా తిరిగాను, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తెలిసింది, నేను తిరిగిన ఊరంటే దాణా కొట్టు, మంగలి షాపు, చర్చి వెనక వంటగది, అంతే.

ఈ రోజు పోస్టాఫీసుకి వెళ్ళాను. తలుపు మీద బోర్డు, ఆయుధాలు తేకూడదని. సరే కదా అని వెనక్కి వెళ్ళి ట్రక్కులో చిన్న పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను. కౌంటరులో ఉండే మార్లిస్ బయటికొచ్చి, "వెండెల్, కార్లు నిలిపే ఈ స్థలం కూడా మాదే. ట్రక్కులో ఉన్నా లోపల ఉన్నట్టే" అంది.

"మరి ఎక్కడ పెట్టను?"

"అది నన్నడిగితే ఎలా? నేను స్టాంపులు అమ్ముకునేదాన్ని."

చివరికి కలప దుకాణం అవతల రోడ్డు మీద ట్రక్కు ఆపి నడిచి వచ్చాను. ఈ ఉత్తరం నీకు చేరిందంటే దాని వెనక అర మైలు నడక ఉందని గుర్తు పెట్టుకో.

జోసీ బాగానే ఉంది. బడి నుంచి వస్తూ, "నాకెప్పుడూ ఎడం చెయ్యే ఎందుకిస్తావు తాతా?" అనడిగింది. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలమ్మా అన్నాను. "దేనికి?" అంది. నేను ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.

మన అమ్మాయి బ్రెన్నా ఆ మత్తు బిళ్ళలు లేకుండా ఎన్ని రోజులు ఉండగలిగింది? దాన్ని అడిగానని చెప్పు.

నీ
వెండెల్

* * *

ఒహాయో
సెప్టెంబర్ 12

ప్రియమైన మొండి మనిషికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత భయమేసింది. మన అమ్మాయి బిళ్ళలు మానేసి ఈ రోజుకి ముప్పై ఒకటో రోజు. నిన్న నా ఒళ్ళో తల పెట్టుకుని ఒక గంట ఏడ్చింది. ఏడవడం మంచిదే అంటున్నారు ఇక్కడి వాళ్ళు.

ఈ చికిత్సా కేంద్రంలో మా ఫోన్లు గుమ్మంలోనే తీసుకుని లాకర్లో పెట్టేశారు. కుటుంబం వాళ్ళయినా సరే, ఆరు వారాల దాకా ఇవ్వరు. మొదటి నాలుగు రోజులు నా చెయ్యి ఊరికే సంచిలోకి వెళ్ళి వెతుక్కునేది. ఇప్పుడు వెళ్ళడం లేదు. నేను ఫోన్ లేకుండా బతుకుతున్నప్పుడు నువ్వు పిస్తోలు లేకుండా కోర్టుకి వెళ్ళిరాలేవా? ఇంట్లో పెట్టి వెళ్ళు వెండెల్. అక్కడ పొరపాటున దానితో పట్టుబడ్డావంటే పిల్ల మాట జడ్జి వినను కూడా వినడు.

ఇంకొకటి. కౌంటీ నుంచి ట్రెక్స్‌లర్ అనే ఆవిడ ఇరవై అయిదో తేదీ మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వస్తుంది. ఆవిడ మొదట అడిగేది అదే. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ పిస్తోలు ఇనప్పెట్టెలో తాళం వేసి ఉండాలి. నువ్వు నాకు మాటిచ్చావు.

జోసీకి రెండు జడలు వేయడం నీకు వచ్చిందా, లేక పిల్లను గడ్డిమోపులా బడికి పంపిస్తున్నావా?

నీ
ఆర్లీన్

* * *

హార్లో కౌంటీ
సెప్టెంబర్ 17

ప్రియమైన ఆర్లీన్‌కి,

జడలు ఒకటి పైకి, ఒకటి కిందకి వస్తున్నాయి. జోసీ సర్దుకుపోతోంది.

ఇంట్లో పెట్టి వెళ్ళమన్నావు. ప్రయత్నించాను, నీమీదొట్టు. మంగళవారం పెట్టెలో పెట్టి గేటు దాకా వెళ్ళాను. కాళ్ళు ముందుకు పడలేదు. తొంభై ఒకటిలో ఆ ఇద్దరు దొంగలూ నన్ను పాలట్రక్కు పక్కన పడేసి కొట్టిన రోజు నేను ఉత్త చేతులతో ఉన్నాను. నా పక్కటెముకలకు కట్టు కట్టింది నువ్వే, నీకు నేను చెప్పాలా. వెనక్కి వెళ్ళి పెట్టుకుని వచ్చాను. సిగ్గుగానే ఉంది, అయినా నిజం రాస్తున్నాను. ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు. ఇంట్లోకి రాగానే పెట్టెలో పెట్టేస్తున్నాను.

సోషల్ సెక్యూరిటీ ఆఫీసు గుమ్మంలో కాపలావాడు నన్ను ఆపాడు. పిస్తోలు దూరంగా ట్రక్కులో పెట్టే వచ్చాను, అయినా జేబులో ఆపిళ్ళు కోసే చాకు ఉందట. మళ్ళీ వెళ్ళి పెట్టి వచ్చాను. ఈసారి తోలు ఒర చూసి, "ఇందులోది ఏదీ?" అన్నాడు. లేదయ్యా అన్నాను. "మరి ఒర ఎందుకు?" అన్నాడు. ఒక ఆఫీసులో ట్రక్కులో పెట్టమంటారు, ఇంకో ఆఫీసులో ట్రక్కే దూరంగా పెట్టమంటారు. మన ఊరి టౌన్‌షిప్ ఆఫీసులో అడిగితే అక్కడి గుమాస్తా పిల్ల పుస్తకం తిరగేసి తిరగేసి, "ఇక్కడ తేవచ్చో లేదో నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది. నా బుర్ర వేడెక్కిపోయింది.

ఒక్క కోర్టు మాత్రం నాకు నచ్చింది. ముందు గుమ్మంలోనే గోడకు వరసగా చిన్న లాకర్లు ఉన్నాయి. అక్కడ కాపలా ఉండే డిప్యూటీ రూడీ హోక్, మన చర్చిలో బాకా ఊదే రూడీయే, పిస్తోలు అందులో పెట్టించి, పుస్తకంలో పేరు రాసుకుని తాళంచెవి ఇచ్చాడు. పని చూసుకుని వచ్చి తాళంచెవి ఇచ్చేశాను, నా వస్తువు నాకిచ్చాడు. దరఖాస్తు కూడా తీసుకున్నారు. శుక్రవారం వేలిముద్రలకి మళ్ళీ వెళ్ళాలి.

నీ
వెండెల్

* * *

హార్లో కౌంటీ
సెప్టెంబర్ 24, బుధవారం ఉదయం

ప్రియమైన ఆర్లీన్‌కి,

ఆలస్యానికి కోప్పడకు. శుక్రవారం కోర్టులో వేలిముద్రలు ఇచ్చి చేతులు తుడుచుకుంటూ ఉంటే బడి నుంచి ఫోన్ వచ్చింది, పిల్ల వాంతి చేసుకుందని, ఒళ్ళు కాలిపోతోందని. ఎలా వెళ్ళానో నాకే తెలియదు. వెనక మెట్ల మీదుగా పరుగెత్తి, ఆ దారిలోంచే బయటపడి ట్రక్కెక్కాను. మూడు రోజులు జ్వరం. రాత్రిళ్ళు దాని మంచం పక్కన కుర్చీలోనే పడుకున్నాను. ఆదివారం సాయంత్రానికి దిగింది. సోమవారం సూప్ తాగింది, కోడిపిల్ల కథ మూడుసార్లు చెప్పించుకుంది.

నిన్న బడికి పంపాను. సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ కౌంటీ జాతరకి వెళ్ళాం. పందిపిల్లల పరుగు పందెం చూసింది, ఆపిల్ డంప్లింగ్ మిఠాయి తిని సగం నా చొక్కాకి పూసింది. అంత నవ్వు దాని మొహంలో నేను ఈ ఏడాదిలో చూడలేదు. నాకూ ఎందుకో ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. జ్వరం పోయింది దానికైతే ఆ తేలిక నాకెందుకో తెలియదు.

నా కోటు జేబులో ఒక చిన్న తాళంచెవి దొరికింది. పచ్చ బిళ్ళ మీద తొమ్మిది అని ఉంది. నీ కుట్టుమిషను డ్రాయరుదా? వంటింట్లో గుండీల గిన్నెలో వేశాను.

నీ
వెండెల్

* * *

హార్లో కౌంటీ
సెప్టెంబర్ 25, ఉదయం పదకొండు

ఆర్లీన్,

రెండు గంటలకి ఆ ట్రెక్స్‌లర్ వస్తుంది. చూపించడానికి సిద్ధంగా ఉందామని ఇప్పుడే ఇనప్పెట్టె తెరిచాను. ఖాళీగా ఉంది.

ట్రక్కు మొత్తం వెతికాను. పరుపులు ఎత్తాను. చివరికి జోసీ బొమ్మల పెట్టె నేల మీద కుమ్మరించాను. ఒక్కో బొమ్మనూ ఎత్తి చూశాను. అందులో లేదు. దేవుడి దయ. పిల్ల బడిలో ఉంది. కానీ ఎక్కడ పెట్టానో నాకు ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. గుర్తుకొచ్చేది జ్వరం, సూప్, పందిపిల్లలు, అంతే.

మా అమ్మ చివరి రోజుల్లో కళ్ళజోడు రొట్టెల డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతికేది. అదే నాకూ మొదలైందా?

అటకమీద నాన్న పాత, పేలని రివాల్వరు ఉంది. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆవిడకు తేడా తెలియదు. పిల్ల మనకు దక్కుతుంది. ఈ ఉత్తరం నీకు చేరేలోపల అంతా అయిపోతుంది, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో అడగడానికి ఇంకెవరూ లేరు.

వెండెల్

* * *

ఒహాయో
సెప్టెంబర్ 29

ప్రియమైన వెండెల్‌కి,

ఒకే రోజున నీవి మూడు అందాయి. జాతర ఉత్తరం, పెట్టె ఖాళీ అన్న ఉత్తరం, "దొరికింది. మిగతాది జడ్జిని చూశాక" అన్న కార్డు. నాలుగు మాటలు. ఎంత పిసినారివయ్యా నువ్వు. ఎక్కడ దొరికింది? ఆవిడకు ఏం చెప్పావు? అటక ఎక్కావా?

ఆ తాళంచెవి నాది కాదు. నా కుట్టుమిషనుకి తాళమే లేదు.

జాతర ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ తొంభై ఒకటి తర్వాత నువ్వు నాకు రాసిన వాటిలో పిస్తోలు మాట, నడుము మాట, ఎవడో వెనకాల వస్తున్నాడన్న మాట లేని ఉత్తరం అదొక్కటే. మంచిదనుకోవాలో, మీ అమ్మ జబ్బు అనుకోవాలో తెలియక రాత్రంతా పొర్లాను. ఫోన్ ఇవ్వమని ఇక్కడి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇవ్వలేదు.

శుక్రవారం పిల్లకి నీలం గౌను వెయ్యి. నువ్వు టై కట్టుకో. ఏం జరిగినా నాకు నిజం రాయి.

నీ
ఆర్లీన్

* * *

హార్లో కౌంటీ
అక్టోబర్ 3, శుక్రవారం

ప్రియమైన ఆర్లీన్‌కి,

ముందు అసలు మాట. పిల్ల మనది. బ్రెన్నా కోలుకుని వచ్చేదాకా మన దగ్గరే ఉంచమని జడ్జి సంతకం పెట్టాడు. ఇక్కడ ఆగి నువ్వు ఏడవాలనుకుంటే ఏడువు, తర్వాత మిగతాది చదువు.

ఆ రోజు అటక ఎక్కాను. రివాల్వరు చేతిలోకి తీసుకున్నాను కూడా. నిచ్చెన దిగుతూ ఉంటే బొమ్మలు నేల మీద పడి కనిపించాయి. నేను ఈ ఒక్క అబద్ధంతో పిల్లను దక్కించుకుంటే, అసలు పిస్తోలు ఇంట్లో ఏ మూలనో ఉండి దాని చేతికి దొరికితే ఏంటి నా గతి అనిపించింది. రివాల్వరు ఎక్కడిదక్కడే పెట్టేశాను.

ట్రెక్స్‌లర్ రాగానే, ఆవిడ కోటు కూడా విప్పకముందే చెప్పేశాను. "అమ్మా, పెట్టె ఖాళీ. పిస్తోలు ఎక్కడుందో నాకు తెలియదు. పొద్దుటినుంచి వెతుకుతున్నాను."

ఆవిడ సంచిలోంచి కాగితం తీసింది. "ఈ మాట నేను రాసుకోవాలని మీకు తెలుసు కదా" అంది. తెలుసన్నాను. "చివరిసారి ఎప్పుడు చూశారు?" అంది. తెలియదన్నాను. మంచినీళ్ళు అడిగితే వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఆవిడ బల్ల మీదున్న గుండీల గిన్నెలోకి చూసి పచ్చ బిళ్ళ పైకి తీసింది.

"మిస్టర్ స్టాఫర్, ఇది కోర్టు లాకరు తాళంచెవి. నేను వారానికి మూడుసార్లు ఆ గుమ్మంలోంచే వెళ్తాను."

వేలిముద్రల రోజు ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను, ఆర్లీన్. వెనక మెట్ల మీదుగా బయటికి వచ్చాను. అంతే జరిగింది.

ఆవిడే నన్ను తన కారులో తీసుకెళ్ళింది. రూడీ నన్ను చూడగానే, "ఏమయ్యా, అంత బరువు వదిలేసి గాలికి ఎగిరిపోయావా? రెండుసార్లు ఫోన్ చేశాను, నీ చెవులకు వినబడితేగా. సోమవారం దాకా చూసి షెరీఫ్‌కి చెబుదామనుకున్నాను" అన్నాడు. తొమ్మిదో లాకరు తెరిచాడు. ఎలా పెట్టానో అలాగే ఉంది. ఇనప్పెట్టె దాకా ట్రెక్స్‌లర్ నాతో వచ్చి, తాళం వేసేదాకా నిలబడింది. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు నేను తిన్న తిండి నాకు ఒంటబట్టలేదు.

ఈ రోజు జడ్జి ఆ కాగితం చదివాడు. తలెత్తి, "ఆరు రోజులు మీ పిస్తోలు మా లాకర్లో ఉందా?" అన్నాడు. అవునన్నాను. "తను అడక్కముందే మీరే చెప్పారని ఈమె రాసింది" అన్నాడు. అవునన్నాను. "మరి ఆరు రోజులు మీకు తెలియకపోవడం ఏమిటి?"

అదే నాకూ అర్థం కాలేదు. ముప్పై నాలుగేళ్ళు ఒకే వైపు మోసిన బరువు అది. మతిమరుపని చెబుదామనుకున్నాను, కానీ జ్వరం ఎన్ని డిగ్రీలుందో, సూప్‌లో ఏం వేశానో, ఏ పందిపిల్ల గెలిచిందో అన్నీ గుర్తున్నాయి. "అయ్యా, అది పెట్టెలో ఉందనే అనుకున్నాను. జాతరకి కూడా వెళ్ళాను. పెట్టె తెరవాలనే నాకు తోచలేదు. ఎందుకో నాకే తెలియదు" అన్నాను. నా మాట అయ్యేలోపల పక్కనుంచి జోసీ అందుకుంది. జడ్జిగారితో మాట్లాడకూడదని దానికి ఎవరూ చెప్పలేదుగా.

"జాతరలో తాత నాకు ఈ చెయ్యి ఇచ్చాడు" అని నా కుడి చెయ్యి ఎత్తి చూపించింది.

నేను చూసుకోలేదు ఆర్లీన్. అది గమనించింది. జ్వరంతో ఉన్న మూడు రోజులూ దాన్ని ఎత్తుకున్నది ఆ చేత్తోనే, జాతరకి నడిపించుకెళ్ళిందీ ఆ చేత్తోనే.

ఈ ఉదయం పిస్తోలు పెట్టెలోనే వదిలి వెళ్ళాను. గేటు దగ్గర కాళ్ళు కాస్త ఆగాయి, అబద్ధం ఎందుకు. రేపు మళ్ళీ పెట్టుకుంటానేమో, ఇప్పుడే నీకు మాట ఇవ్వను. కోర్టు మెట్లు దిగుతుంటే జోసీ రెండు చేతులూ మార్చి మార్చి చూసి, "ఈ రోజు ఏది ఖాళీ?" అనడిగింది. రెండూ ఖాళీయే, నీకు ఏది కావాలో తీసుకో అన్నాను. ఇంటిదాకా కుడి చెయ్యి వదల్లేదు.

బ్రెన్నాకి ఈ సంగతి నీ నోటితో చెప్పు. త్వరగా రా, జడలు ఇంకా వంకరగానే వస్తున్నాయి.

నీ
వెండెల్